కందెన గొట్టం నుంచి ప్రెషర్ మీటరు దాకా

ఎడ్లబండి తన బాధ తానే చెప్పుకునేది. ఇరుసు ఎండిపోతే కీచుమని మొదలెట్టేది, ఆ కీచు నాలుగు చేల అవతలికి వినపడేది. బండి తోలే మనిషి దిగి, బండి కింద వేలాడదీసిన వెదురు గొట్టం తీసి, అందులోని కందెన ఇరుసుకు పట్టించేవాడు. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి ఇంట్లోనే చేసుకున్న కందెన అది. కొబ్బరికాయలు వేసుకుని అంబాజీపేటకో, ధాన్యం వేసుకుని కాలువ రేవుకో బయలుదేరే బండికి ఎడ్లు ఎంత ముఖ్యమో ఆ గొట్టమూ అంతే ముఖ్యం. అది లేకుండా ఊరు దాటడం తెలివితక్కువ పని.

మోటారు వచ్చాక ఆ కీచు పోయింది. ఇంజను లోపల నూనె కరువైనా చాలాసేపు పైకి ఏమీ వినపడదు. వినపడేసరికి బేరింగులు అరిగి టకటక కొట్టుకుంటుంటాయి. ఆ తర్వాత కాసేపటికే ఇంజను పట్టేస్తుంది. నోరులేని ఇంజనుకు నోరిచ్చింది ఒక చిన్న సూది. దాన్నే షెడ్లలో ఆయిల్ ప్రెషర్ మీటరు అంటారు. ఒకప్పుడు బండితోపాటే వచ్చిన ఆ సూది కార్లలోంచి మాయమైపోయింది. ఇప్పుడు కొందరు దాన్ని విడిగా కొని, ఇంటి వసారాలో కారు నిలబెట్టి తమ చేతులతో బిగించుకుంటున్నారు. దాని కథ కోనసీమ నీళ్ల నుంచి మొదలుపెట్టి చెప్పుకోవాలి.

కోనసీమ అంటే నీళ్ల మధ్య భూమి. ఒకపక్క గోదావరి పాయ గౌతమి, మరోపక్క ఇంకో పాయ వశిష్ఠ, మధ్యలో చీలిన వైనతేయ, దక్షిణాన సముద్రం. దారి అంటే ఇక్కడ మొదట కాలువే. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని అవతలి లంకకు దాటించడానికి గన్నవరం దగ్గర కట్టిన అక్విడక్టు కూడా ఆ కాలపు పనే. కింద నది, మీద కాలువ. లెఫ్టినెంట్ హేగ్ చేతిలో లేచిన ఆ వంపుల వరస అవతల పంటపొలాలకు ప్రాణం పోసింది. ఆ కాలువల మీదే ధాన్యమూ, కొబ్బరీ, మనుషులూ పడవల్లో కదిలేవారు.

ఆనకట్ట రాళ్లు పడుతున్న ఆ ఏళ్లలోనే, 1849లో, పారిస్‌లో యూజీన్ బూర్డాన్ అనే యంత్రాల తయారీదారు ఒక చిన్న పనిముట్టుకు పేటెంట్ తీసుకున్నాడు. చుట్ట చుట్టిన లోహపు గొట్టం ఒకటి నొక్కుకుపోయిందట. దాన్ని సరిచేయడానికి లోపలికి నీళ్లు ఒత్తి పంపితే, గొట్టం ఉబ్బడంతోపాటు చుట్ట కూడా విప్పుకోవడం అతని కంట పడిందని చెబుతారు. లోపల ఒత్తిడి పెరిగితే వంకర గొట్టం తిన్నబడాలని చూస్తుంది. ఆ కదలికను చిన్న పళ్లచక్రాలతో ఒక సూదికి అందిస్తే ఒత్తిడి ఎంతో కంటికి కనిపిస్తుంది. ఇంతే సూత్రం. ఆవిరి బాయిలర్లు పేలి మనుషులు చచ్చిపోతున్న రోజుల్లో ఈ గొట్టం ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్కగట్టలేం. తర్వాత రైలింజన్లకూ, ఆవిరి పడవలకూ, మిల్లులకూ అదే కన్ను అయింది. ఈ రోజు కారులో బిగించే మెకానికల్ ప్రెషర్ మీటరు విప్పి చూస్తే లోపల ఉండేదీ ఆ వంకర గొట్టమే. నూటడెబ్బై అయిదేళ్లు దాటినా దాని సూత్రం మారలేదు.

కార్ల తొలి రోజుల్లో అయితే మీటరూ లేదు, సూదీ లేదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో నూనెను పంపు ఒత్తి పంపేది కాదు. తిరిగే భాగాలు నూనెలో మునిగి చిందిస్తే ఆ తుంపర్లే మిగతా వాటికి అందేవి. నూనె ఎంతుందో తెలుసుకోవాలంటే డ్రైవరు బండి కిందికి దూరి, ఇంజను అడుగున ఉన్న రెండు చిన్న కుళాయిలు తిప్పి చూసేవాడు. పై కుళాయిలోంచి నూనె వస్తే ఉన్నట్టు, కింది దాంట్లోంచి కూడా రాకపోతే ఇక బండి కదపకూడదు. ఫోర్డ్ కంపెనీ తర్వాత మద్రాసులోనూ కార్లు బిగించింది. కోనసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. బండి కిందికి వంగి ఇరుసు చూసుకున్న మనిషీ, మోటారు కిందికి వంగి కుళాయి తిప్పిన మనిషీ చేసినది ఒకటే పని.

నూనె కూడా ఒకటే కావడం మరో విశేషం. ఆ కాలపు ఇంజను నూనెల్లో ఆముదానికి పెద్దపీట. ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో ఆముదం కలిపిన మోటారు నూనెకు కాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఆముదానికి ఇంగ్లీషు పేరైన కాస్టర్ ఆయిల్ నుంచే ఆ మాట పుట్టింది. తెలుగు రైతు వెదురు గొట్టంలో మోసుకెళ్లిన సరుకే డబ్బాలోకి ఎక్కి, పేరు మార్చుకుని, మోటార్లతోపాటు లోకమంతా తిరిగింది. 

ఇంజన్లు వేగం పుంజుకున్నాక తుంపర్లు చాలలేదు. నూనెను పంపుతో ఒత్తి, ఫిల్టరు గుండా, ఇంజను దిమ్మలోని సన్నటి దారుల గుండా క్రాంకు బేరింగులదాకా తోయాల్సి వచ్చింది. క్రాంకుకూ బేరింగుకూ మధ్య ఉండే సందు వెంట్రుక మందం పాటిది. ఆ సందులో నూనె పొర నిలిచినంతకాలం ఇనుము ఇనుమును తాకదు. పొర తెగిన క్షణం నుంచి అరుగుదల మొదలు. కాబట్టి ఇంజనులో నూనె ఉందా అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఆ నూనె ఎంత ఒత్తిడితో అందుతోంది అన్నది రెండో ప్రశ్న. డిప్‌స్టిక్ మొదటిదానికే జవాబు చెబుతుంది. రెండోదానికి బూర్డాన్ గొట్టం కావాల్సి వచ్చింది.

ఆ సూదిని పల్లెటూళ్లకు తెచ్చిన బండి జీపు. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపు మీటరు బోర్డు మీద స్పీడోమీటరు చుట్టూ నాలుగు చిన్న మీటర్లుండేవి. పెట్రోలుకు ఒకటి, ఆయిల్ ప్రెషరుకు ఒకటి, నీటి వేడికి ఒకటి, కరెంటుకు ఆంపియర్ మీటరు ఒకటి. యుద్ధభూమిలో బండి ఆగిపోతే ప్రాణం పోతుంది కాబట్టి ఏ సంగతీ దాచలేదు. యుద్ధం ముగిశాక మహీంద్రా కంపెనీ బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలయ్యాక బ్లాకు ఆఫీసుకు జీపు గుర్తుగా మారింది. ఊళ్లోకి జీపు వచ్చిందంటే పిల్లలు చుట్టూ మూగేవారు.

కోనసీమలో ఆ సూదికి మిగతా చోట్ల కంటే విలువ ఎక్కువ. కారణం భూగోళమే. ఇక్కడ బండి చెడితే పక్కూరి నుంచి ఇంకో బండి రావడం తేలిక కాదు, మధ్యలో నది ఉంది. వంతెనలు రాకముందు యానాం దగ్గర గౌతమి దాటాలన్నా, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం రావాలన్నా, సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లాలన్నా పంటు ఎక్కాల్సి వచ్చేది. పంటు అంటే పడవల మీద బల్లలు పరిచిన తెప్ప. దాని మీదికి కారు ఎక్కించడం ఒక విద్య, దింపడం ఇంకో విద్య. రేవులో ఇసుక వాలు మీద మొదటి గేరులో ఇంజను గుంజి ఎక్కాలి. రైలు కూడా దిక్కు లేదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా వేసిన రైలుమార్గం పట్టాలను రెండో ప్రపంచ యుద్ధకాలంలో పీకి పట్టుకుపోయారు. మళ్లీ అక్కడ రైలు కదిలింది 2004లో. అదీ గౌతమి అవతలి ఒడ్డు దాకానే.

అందుకే రేవు దారుల్లో బండి నడిపేవాడికి మీటరు బోర్డు మీద ఒక కన్ను తప్పనిసరి. చల్లటి పొద్దున స్టార్ట్ చేయగానే సూది నిటారుగా లేస్తుంది, నూనె చిక్కగా ఉంటుంది కనుక. రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం చేరేసరికి ఇంజను కాగి నూనె పలచబడి సూది కొంత దిగుతుంది. ఇది సహజం. రోజూ ఎక్కడ నిలిచే సూది ఈ రోజు ఎక్కడ నిలిచిందన్నదే చూడాలి. నిన్న నలభై దగ్గర ఉన్నది ఇవాళ అదే దారిలో ముప్పై దగ్గర ఆగితే, అనుభవం ఉన్న డ్రైవరు ఇల్లు చేరగానే ఇంజను అడుగున నూనె ఉండే చాంబరు విప్పించే ఆలోచన చేస్తాడు. అది జబ్బు ముదరకముందే నాడి పట్టుకోవడం లాంటిది.

ఆ సూది ఎలా పోయింది? 1930లలో అమెరికాలో హడ్సన్ కంపెనీ సూది బదులు ఎర్ర దీపం పెట్టింది. ఒత్తిడి బాగా పడిపోతే దీపం వెలుగుతుంది. దీపం చవక, బిగించడం తేలిక, చూసి అర్థం చేసుకోవడం ఇంకా తేలిక. మెల్లగా మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. మన దేశంలో 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాని మీటరు బోర్డు మీద ప్రెషరు సూది లేదు, నూనె డబ్బా బొమ్మతో ఒక ఎర్ర దీపం మాత్రం ఉంది. ఆ తర్వాత మన రోడ్ల మీదికొచ్చిన మామూలు కార్లలో చాలావాటికి ఆ దీపమే గతి.

దీపం పనికిరానిదని కాదు. నిద్రమత్తులో ఉన్న మనిషినైనా ఎర్ర దీపం లేపుతుంది, సూది లేపలేదు. కానీ సాధారణంగా ఒత్తిడి చదరపు అంగుళానికి 3 నుంచి 7 పౌన్లకు పడిపోతే గాని ఆ దీపం వెలగదు. వేగంగా పోతున్న ఇంజనుకు కావలసిన ఒత్తిడి దానికి ఎన్నో రెట్లు. వెయ్యి తిప్పులకు పది పౌన్లు ఉండాలన్నది పాత మెకానిక్కుల మోటు లెక్క. అంటే నిమిషానికి మూడు వేల తిప్పులు తిరిగే ఇంజనులో ముప్పై ఉండాల్సిన చోట పన్నెండే ఉన్నా దీపం నోరు మెదపదు. వెలిగిందంటే అప్పటికే ఆలస్యం. ఎడ్లబండి ఇరుసు ఎండుతుంటేనే కీచుమనేది, ఈ దీపం మాత్రం ఇరుసు కాలాక పలుకుతుంది.

కోనసీమలో సూది ఇంకా బతికే ఉన్న చోటు ఒకటుంది. చెరువు గట్టు. అల్లవరం, కాట్రేనికోన, ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే పంటంతా తెల్లారేలోగా పోతుంది. అందుకే గట్టు మీద డీజిల్ జనరేటరు ఉంటుంది. దాని ప్యానెల్ మీద ఆయిల్ ప్రెషరు మీటరు ఉంటుంది, ఒత్తిడి పడిపోతే ఇంజనును తానే ఆపేసే ఏర్పాటూ ఉంటుంది. కారులో సూది ఎందుకని అడిగేవాళ్లు చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండే మనిషిని అడిగితే చాలు. టార్చి వేసి అతను మొదట చూసేది ఆ సూదినే.

ఇప్పుడు ఇంట్లో బిగించుకునే సంగతి. పని పెద్దది కాదు, కానీ తొందర పనికిరాదు. ఇంజను పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి. ఆయిల్ ఫిల్టరు దగ్గర్లో ఇంజను దిమ్మకు బిగించి, ఒకే తీగ తగిలించి ఉండే చిన్న స్విచ్చు కనిపిస్తుంది. ఎర్ర దీపాన్ని వెలిగించేది అదే. దాన్ని విప్పి, ఆ రంధ్రంలో T ఆకారపు ఇత్తడి జాయింటు (టీ) బిగించి, ఒక కొమ్ముకు పాత స్విచ్చూ రెండో కొమ్ముకు కొత్త మీటరూ తగిలించాలి. పాత స్విచ్చును పారేయడం పెద్ద తప్పు. సూది కావాలి, దీపమూ కావాలి. ఒకటి రోజూ మాట్లాడేది, ఇంకోటి ఆపదలో అరిచేది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడేది మర దగ్గర. జపాన్ వంశపు కార్లలో సాధారణంగా ఆ రంధ్రానికి ఎనిమిదో వంతు అంగుళం బ్రిటిష్ పైపు మర ఉంటుంది, అంగుళానికి 28 చుట్లు. అమెరికా పద్ధతిలో వచ్చే మీటర్ల మర కూడా ఎనిమిదో వంతు అంగుళమే, కానీ దానికి 27 చుట్లు. ఒకటీ రెండూ చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత బిగుస్తుంది. బిగిసింది కదా అని పానాతో బలవంతం చేస్తే మర పాడవుతుంది. ఆ రంధ్రం ఇంజను దిమ్మలోది, పాడైతే ఖర్చు మీటరు ధరకు ఎన్నో రెట్లు. చేత్తో మూడు నాలుగు చుట్లు తేలిగ్గా ఎక్కకపోతే ఆగిపోయి, సరైన అడాప్టరు తెచ్చుకోవాలి.

మీటర్లు రెండు రకాలు. మెకానికల్ మీటరులో నూనే సన్నటి గొట్టం గుండా డ్యాష్‌బోర్డు దాకా వస్తుంది. బూర్డాన్ చూసిన వింత అక్కడ మన కళ్లముందే జరుగుతుంది. ఇది నిజాయితీ గల మీటరు, కరెంటు లేకపోయినా చదువుతుంది. కానీ గొట్టం చిట్లితే కాగిన నూనె డ్రైవరు కాళ్ల మీద పడుతుంది. రాగి గొట్టమైతే ఇంజను అదురుకు గట్టిపడి విరగకుండా, ఇంజను దగ్గర రెండు చుట్టలు చుట్టి వదలాలి. నైలాన్ గొట్టమైతే సైలెన్సర్ మానిఫోల్డు వేడికి దూరంగా తీసుకెళ్లాలి. ఏదైనా సరే, ఇంజనుకూ క్యాబినుకూ మధ్య రేకు రంధ్రంలోంచి పోయేచోట రబ్బరు గ్రామెట్ లేకపోతే రేకు అంచు దాన్ని కోసేస్తుంది.

రెండో రకం ఎలక్ట్రిక్ మీటరు. నూనె ఇంజను దగ్గరే ఆగుతుంది, అక్కడ బిగించిన సెండరు ఒత్తిడిని విద్యుత్ సంకేతంగా మార్చి తీగ మీద పంపుతుంది. ఇంటి బిగింపుకు ఇదే మేలు. దీంట్లో చిక్కు ఎర్త్ దగ్గర. ఒకే తీగ ఉండే సెండరు తన మర ద్వారానే ఇంజనుకు ఎర్త్ అవుతుంది. కారకుండా ఉండాలని మర నిండా టెఫ్లాన్ టేపు చుడితే సూది తప్పుడు లెక్క చెబుతుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఈ బాధ రెట్టింపు. ఉప్పుగాలికి ఎర్త్ బోల్టు చిలుము పట్టి, ఒత్తిడి బాగానే ఉన్నా సూది పిచ్చిగా ఊగుతుంది. ఇంజను విప్పమనే ముందు ఆ బోల్టును ఉప్పుకాగితంతో గీకి చూడటం ఈ ప్రాంతానికి తగిన మొదటి వైద్యం. బరువైన సెండరును నేరుగా ఇత్తడి టీకి వేలాడదీయడం కూడా మంచిది కాదు, అదురుకు టీ మెడ విరుగుతుంది. గట్టి హోస్ ఒకటి మధ్యలో వేసి సెండరును పక్క రేకుకు బిగిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. మీటరును ఎయిర్‌బ్యాగ్ మూత మీద మాత్రం అతికించకూడదు.

బిగింపు అయ్యాక మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఒకరు లోపల సూదిని, ఇంకొకరు బయట టీని చూడాలి. కొన్ని సెకన్లలో సూది లేవకపోతే వెంటనే ఆపేయాలి. లేస్తే ఇంజను కాగేదాకా ఉంచి, జాయింట్ల కింద తెల్ల కాగితం పెట్టి చుక్క పడిందేమో చూడాలి. చల్లగా ఉన్నప్పుడు ఎంత, కాగాక నిలకడగా తిరిగేటప్పుడు ఎంత, రోడ్డు మీద ఎంత అన్న మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసి గ్లోవ్ బాక్సులో పెట్టుకోవాలి. సూదికి ఉన్న విలువంతా ఆ కాగితంలో ఉంది. పోల్చుకోవడానికి నిన్నటి అంకె లేనప్పుడు ఇవాళ్టి అంకె సగమే చెబుతుంది.

వరద ఊళ్లకు ఇంకో మాట. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో మళ్లీ 25 లక్షలు దాటి లంక ఊళ్లను ముంచింది. నీళ్లలో నిలిచిన బండిని నీరు తీసిన వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. ముందు డిప్‌స్టిక్ తీసి చూడాలి. నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరినట్టే. ఆ కలగలుపుతో ఇంజను తిప్పితే మొదట సూది బాగానే ఉన్నట్టు కనిపించినా బేరింగుల దగ్గర నూనె పొర నిలవదు. చాంబరు ఖాళీ చేసి, ఫిల్టరు మార్చి, కొత్త నూనె పోశాకే తాళం తిప్పాలి.

రేవుల కాలం చాలావరకు గడిచింది. యానాం–ఎదుర్లంక మధ్య గౌతమి మీద వారధి 2002లో అందుబాటులోకి వచ్చింది. అదే ఏడాది మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో కన్నుమూసిన లోక్‌సభ స్పీకరు, ఎదుర్లంక బిడ్డ జి.ఎం.సి. బాలయోగి పేరు దానికి పెట్టారు. వైనతేయ మీద బోడసకుర్రు దగ్గరా, వశిష్ఠ మీద చించినాడ దగ్గరా వంతెనలు లేచాయి. కాకినాడ నుంచి అమలాపురం, రాజోలు మీదుగా పాలకొల్లు వైపు కారు ఎక్కడా ఆగకుండా మూడు పాయలూ దాటేస్తుంది. పంటు మీద ఇంజను ఆపి నది దాటిన కాలంలో ఇంజనుకు దొరికిన ఆ కాస్త విశ్రాంతి ఇప్పుడు లేదు. మే ఎండలో ఏసీ వేసుకుని గంటల తరబడి ఒకే వేగంతో పోయే పాత కారులో నూనె అప్పటికంటే ఎక్కువ కాగుతుంది. సూది అవసరం వంతెనలతో తీరిపోలేదు.

కోనసీమ పెరళ్లలో, షెడ్ల మూలల్లో కొబ్బరి డొక్కల పక్కన పాత జీపుల మీటరు బోర్డులు ఇంకా ఉన్నాయి. వాటిని ఇనుము తూకానికి వేసేయకండి. సూది కదలడం లేదని మీటరు చచ్చిందనుకోకండి. వెనక గొట్టం విప్పి చూడండి. చాలాసార్లు లోపలి బూర్డాన్ చుట్ట బాగానే ఉంటుంది, దారిలో ఏళ్లనాటి మడ్డి గడ్డకట్టి ఉంటుంది. కిరసనాయిలుతో ఆ గొట్టం కడిగితే సూది మళ్లీ లేస్తుంది.